మూడో గీత రంగు

వానకు ముందరి వెలుతురు. గోధుమరంగు, ఎరుపు, నారింజ — బల్ల మీద అన్నీ ఒకే మట్టిరంగు.

మబ్బు వల్ల, అనుకుంది ఆమె.

నిన్న కొట్లోనూ మబ్బు వల్లే అనుకుంది. కటింగ్ ప్లేయర్ పిడులు నొక్కి, వదిలి, నొక్కి, పదును వేళ్ళతోనే పోల్చుకుంది. రెసిస్టర్ల అరల దగ్గర మాత్రం ఆ వేళ్ళు తచ్చాడాయి. వడ్లగింజంత వస్తువు. ఒంటి మీద సన్నని గీతలు. అది కరెంటును ఎంత ఆపుతుందో ఆ గీతల రంగులే చెబుతాయి. మీటరు పెట్టి చూసి ఇస్తానన్నాడు కొట్టతను.

అక్కర్లేదంది. ఏరుకుంది.

మామగారికి వినికిడి దాదాపు పోయింది. వీధి గంట నొక్కితే ఆయన మంచం దగ్గర వెలిగే దీపం — ఆమె కడుతున్నది అదే.

"నా చెవులకి దీపం పెడుతున్నావన్నమాట" అంటూ ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

సోల్డరు కరిగింది. పొగ లేచింది. ఆమె మీట నొక్కింది.

వెలిగింది — వెలగనట్టు. మబ్బు చాటు చుక్కలా.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే...

మీటరు సొరుగులోనే ఉంది. తీస్తే ఒప్పుకున్నట్టే. మొన్న వేలు కాల్చుకున్నప్పుడు భర్త మందు రాస్తూ అన్నాడు, చూపు ఆనకపోతే ఈ బల్ల తీసేద్దామని. కోపంగా అనలేదు. అందుకే భయం.

ఈ బల్ల లేని సాయంత్రాలు... వాటినేం చేసుకోవాలి?

మామగారు వంగి, గోటితో రెసిస్టరు మూడో గీతను తాకారు.

"గోధుమరంగు కావాలన్నావు. ఇది నారింజ కదమ్మా."

ఆమె చటుక్కున పెదవుల మీద వేలు పెట్టుకుంది. బతిమాలడానికి మాటలు కావాలి. మెల్లగా అంటే ఆయనకు వినబడదు. గట్టిగా అంటే ఇల్లంతా వింటుంది.

ఆయనకు అర్థమైంది. ఇంకా దగ్గరికి జరిగారు. రహస్యంగా అడిగారు — రహస్యంగానే అడిగాననుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి కనబడటం లేదమ్మా?"

పక్కగదిలో భర్త పత్రిక తిప్పుతున్న చప్పుడు ఆగింది.

అక్కడ కుర్చీ జరిగింది.

వాన రాలేదు. మబ్బు విడిపోయి, ఎండ బల్లంతా పరుచుకుంది. ఆమె ఇంకో రెసిస్టరు తీసి, కిటికీకి ఎదురుగా పట్టుకుంది.

ఎరుపు... నారింజ...

మట్టి.