ఇంటి మాటలో వెళ్లిన ఆర్డరు

శ్రీను పుట్టింది అవనిగడ్డ దగ్గరి ఎరుకల కాలనీలో. ఇంట్లో అందరూ ఎరుకల భాషే మాట్లాడుకునేవాళ్లు. బస్సెక్కితే మాత్రం తండ్రి నోరు మూయించేవాడు. ఆ మాట వినబడితే పక్కవాళ్లు సంచులు దగ్గరికి లాక్కుంటారు మరి. ఊళ్లో ఎవరింట్లో ఏది పోయినా పోలీసులు ముందు కాలనీకే వచ్చేవాళ్లు. అందుకే సైన్యంలో చేరాక శ్రీను తనది దివిసీమ అని చెప్పుకునేవాడే గాని, ఎరుకలవాణ్ణని ఎక్కడా అనలేదు. చెల్లెలు సత్యవేణిని చేసుకున్న గుడివాడ గిరీష్ కూడా అదే బెటాలియన్‌కి వచ్చాక, ఇద్దరూ ఎవరూ లేనప్పుడు చాటుగా ఇంటి మాట మాట్లాడుకునేవాళ్లు.

మొన్న వేసవిలో సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. వైర్‌లెస్‌లో వెళ్లే ప్రతి మాటా అవతలివాళ్లు వింటున్నారని తేలింది. కెప్టెన్ విక్రమ్ శ్రీనుని పిలిచి, మీరిద్దరూ చాటుగా మాట్లాడుకోవడం విన్నాను, ఆ భాషేదో ఇప్పుడు నాకు కావాలన్నాడు. శ్రీనుకి దొంగతనం బయటపడ్డట్టు చెమటలు పట్టాయి. అయినా సరేనన్నాడు.

గిరీష్ కొండ మీద పోస్టులో, శ్రీను కింద కంపెనీ వైర్‌లెస్ సెట్ దగ్గర. మోర్టారును రోలు అన్నారు, గుండ్లను ఈతకాయలన్నారు. రెండు రోజులు అవతలివాళ్లకు ఒక్క ముక్క అంతుచిక్కలేదు. కెప్టెన్ భుజం తట్టినప్పుడు, నాన్న బతికుంటే బాగుండేదనుకున్నాడు శ్రీను.

మూడో రోజు మధ్యాహ్నం గిరీష్ గొంతు వచ్చింది.

"బావా, ఇక్కడ ముగ్గురమే మిగిలాం. దిగి వచ్చెయ్యమంటావా?"

శ్రీను అది కెప్టెన్‌కి హిందీలో చెప్పాడు. పోస్టు పోతే కింద వందమందీ పోతారు, గంటలో సాయం పంపుతాను, అప్పటిదాకా కదలొద్దని చెప్పమన్నాడాయన. తప్పు పట్టడానికేమీ లేదు. కాని ఆ మాట చేరవేయగలిగినవాడు శ్రీను తప్ప మరొకడు లేడు.

"దిగొద్దు బావా. గంట ఆగు."

"సరే. నువ్వు చెబుతున్నావుగా," అన్నాడు గిరీష్.

కెప్టెన్ చెప్పమన్నాడని అనాల్సింది. తొందరలో అనలేదు. అన్నీ ఇంటి విషయాలే మాట్లాడుకున్న భాష అది. గిరీష్‌కి అది ఆర్డరులా కాదు, సొంత బావ సలహాలా వినబడి ఉంటుంది.

నలభై నిమిషాలకి సెట్ మూగబోయింది.

ఆ భాష సంగతి ఎవరికీ చెప్పనని శ్రీను చేత సంతకం చేయించుకున్నారు. మచిలీపట్నంలో జరిగిన సంతాప సభలో పెద్దలు గిరీష్‌ని తెలుగుజాతి వీరుడన్నారు. ఎరుకలవాడని ఒక్కరూ అనలేదు. మర్నాడు పొద్దున పాలకాయతిప్ప దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసేచోట అస్థికలు కలిపారు. మిగతావాళ్లు ఒడ్డుకి నడిచాక, మోకాలి లోతు నీళ్లలో సత్యవేణి శ్రీను చెయ్యి పట్టుకుని ఇంటి మాటలో అడిగింది.

"అన్నా, ఆఖరున నీతోనే మాట్లాడాడంట కదా. ఏమన్నాడు?"

చెబితే సంతకం తప్పడం ఒక్కటే కాదు, దిగొద్దన్నది తనేనని తెలిసి ఆమెకి మిగిలిన అన్న కూడా పోతాడు.

"లైను కట్టయింది వేణీ. ఏం వినబడలేదు," అన్నాడు తెలుగులో.

ఆమె అతని చెయ్యి వదల్లేదు.

"మనిద్దరమేగా ఉన్నాం. తెలుగెందుకన్నా?"

శ్రీను జవాబు చెప్పబోయాడు. ఎరుకల భాషలో ఏ మాట ఎత్తుకోబోయినా గిరీష్ "సరే" అన్నదే వినబడింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఒడ్డుకి నడిపించాడు.

సెలవు ఇంకా పదకొండు రోజులుంది. అన్ని రోజులూ ఆమెతో తెలుగులోనే మాట్లాడాడు. రెండు మూడు రోజులు చూసి, సత్యవేణి కూడా తెలుగులోనే జవాబివ్వడం మొదలుపెట్టింది.