సాయిలు నీలంరంగు పడవ

సోమశిల రేవులో సాయిలు తన పాత తెరచాప పడవను ఒడ్డుకు లాగి, నీలం రంగేసి, పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాడు. కొనడానికి జడ్చర్ల నుంచి వచ్చిన కృష్ణకాంత్ వెనకే, పడవను పరీక్షించడానికి యాదమ్మ కారు దిగేసరికి సాయిలు ముఖం మాడిపోయింది. నలభై ఏళ్ల కింద ఆ పడవ కట్టిన వడ్రంగి బిడ్డ ఆమె. తండ్రి పోయాక పడవల మరమ్మతు తనే చేస్తోంది. సాయిలు మాత్రం ఆడమనిషికి పడవ పనేంటని ఏనాడూ ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

యాదమ్మ నేరుగా పడవ దగ్గరికి నడిచింది. కొయ్యసుత్తితో పక్క చెక్కలు ఒక్కొక్కటే కొట్టి విన్నది. టేకు ఖంగుమంది. అతుకుల్లో గోరు కూడా దూరలేదు. తండ్రి చేతిపనిని ఆమె అరచేత్తో ఒకసారి తడిమింది. కానీ తెరచాప కొయ్య నిలిపే దిమ్మె పగిలి ఉంది. నాయిన అక్కడ నాసి కర్ర వాడిండని దాచకుండా చెప్పింది.

అడుగు దూలం దగ్గర మాత్రం సుత్తి మొద్దుగా మోగింది. ఆమె ఉలి తీయగానే సాయిలు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“రంగు మీద గీత పడితే చెయ్యి ఇరుగుతది.”

కృష్ణకాంత్ గద్దిస్తే వదిలాడు. ఉలి సంకట్లోకి దిగినట్టు పిడిదాకా దిగింది. నల్లటి తడి పొట్టు రాలింది, వెంట సిమెంటు పెళ్లలు.

“మీ నాయిన కట్టిందాన్నే కుళ్లిందంటున్నవా? సిగ్గులేదా?”

“నాయిన పెట్టిన చెక్కలు గట్టిగనే ఉన్నయి సాయిలన్నా. నువ్వు సిమెంటు మెత్తిన కాడనే నీళ్లు నిలిచి కుళ్లింది.”

దూలం, దిమ్మె మార్చేదాకా ఎవరూ ఎక్కొద్దనీ, మార్చితే మాత్రం ఇంకో ముప్పై ఏళ్లు తిరుగుతుందనీ కృష్ణకాంత్‌కు చెప్పింది. ఆమె బాగుచేస్తానంటే ఇప్పుడే కొంటానన్నాడతను.

సాయిలును ఆ మాటే కాల్చింది. “దీని చెయ్యి పడనిచ్చేకంటే పొయ్యిల పెట్టుకుంట” అంటూ గుడిసెలోంచి గొడ్డలి తెచ్చాడు. మొదటి దెబ్బకు టేకు తిప్పికొట్టింది. నాలుగో దెబ్బకు పగిలింది. రేవులోని జాలర్లు చూస్తూ నిలబడ్డారే కానీ ఎవరూ అడ్డం పోలేదు. కృష్ణకాంత్ తిట్టుకుంటూ కారెక్కాడు. యాదమ్మ ఎక్కలేదు.

“ఇంకా ఏం చూస్తున్నవ్?” అన్నాడు సాయిలు రొప్పుతూ.

“నడిమి చెక్కలు ఇంకో పడవకు పనికొస్తయి. ఆడ కొట్టకు.”

అతను ఆమె కళ్లలోకి చూస్తూ గొడ్డలి ఎత్తి సరిగ్గా అక్కడే కొట్టాడు.