పన్నెండో జట్టు, మూడు గంటల పెళ్లి

వెర్లిన్ ప్రాథర్ గొంతు వినని చెవి హాలోవే ఊళ్లో లేదు. చెవులు పనిచేయని ముసలాళ్లు కూడా అతని మెడనరాల ఉబ్బును బట్టి స్కోరు చెప్పేస్తారు. హాలోవే స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచర గాడిదలు. ఆ గాడిదలు గాడిలో పడినా, గాడి తప్పినా, స్థానిక రేడియోలో చెప్పేది వెర్లినే. మైకు పట్టుకుంటే మనిషికి మైకం. టెన్నెసీ కొండల్లో ఆ మూల వ్యాఖ్యాతగా విఖ్యాతుడు. ప్రసారం ఎంత బాగా చేస్తాడో సంసారం కూడా అంత బాగా చేస్తున్నానని అతని గట్టి నమ్మకం. ఆ రెండో విషయంలో భార్య ఆర్డిత్ అభిప్రాయం ఇంకా ప్రసారం కాలేదు.

అతనికి ఒకటే పుండు. పదేళ్ల కిందట మ్యూల్స్ ఆ సీజన్లో ఒక్క ఆట కూడా ఓడలేదు. ఓడకపోతే ఏం? దేశం మొత్తానికి ఛాంపియన్‌ని తేల్చే పోటీకి అప్పట్లో నాలుగు జట్లనే పిలిచేవారు. ఎక్కడో హోటల్ గదిలో కూర్చున్న కమిటీ పెద్దపెద్ద కాలేజీలను నాలుగింటిని ఏరుకుని, మ్యూల్స్‌ని పన్నెండో స్థానంలో కూర్చోబెట్టింది. బడ్జెట్టు చిన్నదైతే బలం కూడా చిన్నదే అనుకున్నారు కాబోలు. ఆ రోజు నుంచీ "పన్నెండు జట్లకి చోటుండి ఉంటే..." అని మొదలెట్టకుండా వెర్లిన్ ఏ సీజన్నీ మొదలెట్టలేదు. ఊరు ఊరంతా ఆ 'ఉంటే' మీదే ఉంటోంది.

పెళ్లి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ కొండల్లో శరత్కాలపు శనివారం ఎవరూ పెళ్లి పెట్టుకోరు. శనివారం అంటే ఆట. తెలియక పెట్టుకున్నవాళ్ల పెళ్లికి చుట్టాలు రారు, వచ్చిన పాస్టరు చెవిలో రేడియో పెట్టుకుని వస్తాడు. అందుకే వెర్లిన్, ఆర్డిత్ సీజన్ ఎప్పుడు ముగుస్తుందా అని చూశారు. కమిటీ కాదన్న మర్నాడే, కళ్లు వాచిపోయిన వెర్లిన్ క్యాలెండర్లో కనిపించిన మొదటి ఖాళీ శనివారానికి ముహూర్తం పెట్టేశాడు. డిసెంబరు ఇరవై, మధ్యాహ్నం మూడు గంటలు, బాప్టిస్టు చర్చి. బంతాట లేదు గనక పెళ్లి బంతి వేశారన్నమాట.

పెళ్లయితే ఘనంగానే అయింది. కానీ పెళ్లిరోజు వచ్చిందంటే చాలు, వెర్లిన్‌కి పెళ్లాంకంటే ముందు కమిటీ గుర్తొచ్చేది. కేకు కోస్తూ నిట్టూర్చేవాడు. మొన్న వసంతంలో, కౌంటీ స్కూలు బస్సు నడిపి ఇంటికొచ్చిన ఆర్డిత్, తాళాలు మేకుకి తగిలిస్తూ అడిగింది.

"వెర్లిన్, నిజం చెప్పు. నేను నీకు పెళ్లాన్నా, ఓదార్పు బహుమతినా?"

"రెండూనూ!" అన్నాడు వెర్లిన్, ఇల్లు దద్దరిల్లేట్టు నవ్వుతూ.

ఆర్డిత్ నవ్వలేదు. అతను తన నవ్వు చప్పుళ్లో అది గమనించలేదు.

ఇలా ఉండగా పెద్దలకి జ్ఞానోదయమైంది. ఈ శరత్కాలం నుంచీ పన్నెండు జట్లు అన్నారు. ఊళ్లో పండగ. వెర్లిన్ ఊరుకుంటాడా? "కొత్త రూలుతో పాత సీజన్ ఆడేద్దాం!" అన్నాడు. ఆటగాళ్ల పేర్లతో అట్టముక్కలు, మూడు పాచికలు. పడిన అంకెను బట్టి బంతి ఎన్ని గజాలు ముందుకెళ్లిందో చెప్పే పాత ఆట ఒకటుంది. దాన్ని రేడియోలో నిజం ఆటలాగే ప్రసారం చెయ్యాలి. జూలై నెల, శనివారం మధ్యాహ్నం, మెల్బా చేపల హోటల్లో మూలబల్ల. పాచికలు వేసేవాడు హోబర్ట్ స్కాగ్స్. ఆ ఏడాది జట్టులో గోడలా నిలబడ్డవాడు. ఇప్పటికీ గోడే, కాకపోతే కొంచెం ముందుకి ఒరిగిన గోడ.

వెర్లిన్ మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"శ్రోతలారా! కొత్త రూలు ప్రకారం పన్నెండో జట్టు అయిదో జట్టు మైదానానికి వెళ్లి ఆడాలి. అంటే మన గాడిదలు సముద్రం ఒడ్డున వెస్ట్ గల్ఫ్ యూనివర్సిటీ మీదికి దండెత్తుతున్నాయి. డిసెంబరు ఇరవై, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు! ఆకాశం నిర్మలంగా ఉంది!"

ఆకాశం అంత నిర్మలంగా ఏమీ లేదు. కానీ ఆ తేదీ నోటెంట వచ్చినప్పుడు అతని నాలుక మీద ఎక్కడా తగల్లేదు.

ఆట రంజుగా సాగింది. హోబర్ట్ పాచికలు పారాయి, ఆగాయి, మళ్లీ పారాయి. మధ్యలో ఫోన్లు. మొదటి ఫోను పశువుల దాణా కొట్టు డెల్మర్‌ది. అతను పుట్టుకతోనే పక్క జిల్లా పెద్ద కాలేజీ మనిషి.

"ఏమోయ్ వెర్లిన్, మీ గాడిదలు అంత పచ్చగడ్డి మైదానంలో ఆడతాయా, మేస్తాయా?"

"మేస్తే మేశాయి డెల్మర్! నీ కొట్లో ముక్కిన దాణా తినే బాధ తప్పింది!"

తర్వాత మిస్ జునీటా. ఊళ్లో సగంమందికి ఆదివారం బడి పాఠాలు చెప్పిన పెద్దావిడ.

"వెర్లిన్ బాబూ, ఆ పాచికలు వేసేది హోబర్టేనా? వాడు చేప తిని చెయ్యి కడుక్కున్నాడా?"

"లేదు మిస్ జునీటా," అన్నాడు హోబర్ట్ సిగ్గుపడుతూ.

"అందుకే మనవాళ్ల చేతుల్లోంచి బంతి జారిపోతోంది! పో, కడుక్కురా!"

హోబర్ట్ కడుక్కొచ్చాడు. నిజంగానే బంతి జారడం మానేసింది. ఆఖరి రెండు నిమిషాలకి వచ్చేసరికి వెస్ట్ గల్ఫ్ ఇరవై నాలుగు, మ్యూల్స్ ఇరవై. గీత దాటడానికి తొమ్మిది గజాలు. దాటితే గెలుపు. మెల్బా గరిటె గాల్లోనే ఆగింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"చెప్పండి, మీరు ప్రసారంలో ఉన్నారు!" అన్నాడు వెర్లిన్ ఊపుమీద.

"మిస్టర్ ప్రాథర్ గారేనాండీ?"

ఆర్డిత్! పెళ్లయినప్పటి నుంచీ 'మీరు' అనని ఆర్డిత్. బస్సులో వెనక సీటు రౌడీల్ని అద్దంలో చూస్తూ ఇలాంటి మర్యాదతోనే పలకరిస్తుందని ఊళ్లో పిల్లలందరికీ తెలుసు.

"మీ ప్రసారం చాలా బాగుందండీ. ఒక్క సందేహం. ఈ ఆట ఏ రోజన్నారు?"

"డిసెంబరు ఇర..."

"ఎన్ని గంటలకండీ?"

"మూ... మూడు."

"అదే రోజు, అదే గంటకి, మన బాప్టిస్టు చర్చిలో తెల్ల గౌనేసుకుని ఒకావిడ నిలబడుందండీ. పన్నెండు జట్లుండి ఉంటే, ఆవిడ పక్కన ఎవరున్నారో కాస్త చెబుతారా? లేనివన్నీ చూసినట్టే చెబుతారు కదా."

వెర్లిన్ నోరు తెరిచాడు. గాలివానకి రేడియో స్తంభం కూలిన రోజు కూడా ఆగని గొంతు ఆగిపోయింది. రేడియోలో మెల్బా బాణలి చిటపటలు తప్ప ఏమీ లేవు. కౌంటీ మొత్తం ఆ చేపల వేపుడు విన్నది.

ఆఖరికి అలవాటు పనిచేసింది.

"ఏముందీ ఆర్డీ! హాఫ్‌టైమ్‌లో చేసేసుకునేవాళ్లం! బ్యాండు కూడా ఫ్రీ!"

హోబర్ట్ నవ్వబోయి, మెల్బా చూపు చూసి, దగ్గులోకి మార్చుకున్నాడు.

"ఆట సముద్రం ఒడ్డున కదండీ," అంది ఆర్డిత్ నెమ్మదిగా. "సరే. గిన్నెడు బీన్స్ విరవాలి. ఉంటానండీ."

ఉంటానంటూనే పెట్టేసింది. ఉంటుందా?

వెంటనే ఫోన్లు ఒకదాని మీద ఒకటి. ముందుగా డెల్మర్. వెక్కిరిస్తాడనుకుంటే, గొంతు మారింది.

"వెర్లిన్, నీ పెళ్లికి నేనొచ్చాను. నువ్వు చర్చి మెట్లమీద కూడా ఆ కమిటీనే తిడుతున్నావ్. ఆ అమ్మాయి వింటూనే ఉంది. నీకిది ఎవరో ఒకరు చెప్పాలి. మా జట్టు మీద ఒట్టు, సరదాకి అనట్లేదు."

తర్వాత మిస్ జునీటా. "బాబూ, ఆట ఆగకూడదు. నువ్వు మాత్రం ఇక్కడ ఆగకూడదు."

వెర్లిన్ అట్టముక్కల వైపు చూశాడు. పన్నెండు జట్లుండి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు బాగా తెలిసింది. పెళ్లి ఆదివారానికి మార్చమని ఒక్క ఫోన్ చేసి, ట్రక్కెక్కి సముద్రానికి పోయేవాడు. ఆదివారం ఆర్డిత్ చర్చికి వచ్చేదా? అది ఏ పాచికా చెప్పదు.

అతను మైకు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. గొంతు మళ్లీ ఎప్పటిలాగే గంట కొట్టింది.

"శ్రోతలారా! ఆ రోజుల్లో వెర్లిన్ ప్రాథర్ అనే ఒక వెధవ ఉండేవాడు. వాడేం చేసేవాడో నన్నడక్కండి, వాడికి నేను జామీను ఉండను. ఈ వెర్లిన్ ఏం చేస్తాడో మాత్రం వినండి. వెళుతున్నాడు!"

చెవుల మీది యంత్రం తీసి హోబర్ట్ నెత్తిమీద పెట్టాడు. అది చెవుల దాకా దిగలేదు.

"వెర్లిన్! ఇప్పుడా? తొమ్మిది గజాలు! నాకు చెప్పడం రాదు!"

"చూసింది చెప్పు."

"చూడ్డానికేముంది, పాచికలేగా!"

"నేనిన్నాళ్లూ చేసిందీ అదేరా," అని వెర్లిన్ తలుపు తీసుకుని బయట పడ్డాడు.

ట్రక్కులో చెయ్యి దానంతటదే రేడియో మీదికి పోయింది. వెనక్కి లాక్కున్నాడు. కానీ మెయిన్ స్ట్రీట్లో ప్రతి కిటికీలోంచీ హోబర్ట్ గొంతే. స్కోరు చెవిన పడకుండా ఎండాకాలంలో ట్రక్కు అద్దాలన్నీ ఎక్కించుకున్నాడు. ఏసీ పాడై రెండేళ్లయింది. ఉడికిన వేరుశెనక్కాయలా చెమటలు కక్కుతూ మలుపు తిరిగాడు. మంగలి కొట్టు ముందు మంగలి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. గెలిచామనో, ఆగి వినమనో! వెర్లిన్ తల తిప్పుకుని రోడ్డు వైపే చూశాడు. జీవితంలో అతను తల తిప్పుకున్న మొదటి స్కోరు అది.

ఆర్డిత్ వరండాలో ఉంది. ఒళ్లో గిన్నె, గిన్నెలో బీన్స్. పక్కన రేడియో, నోరు కట్టేసి ఉంది. తడిసిపోయిన మొగుణ్ణి కింది నుంచి పైకి చూసింది.

"ఆట అయిపోయిందా?"

"లేదు. రెండు నిమిషాలుంది."

"గెలుస్తున్నామా?"

"నాలుగు పాయింట్లు వెనక. తొమ్మిది గజాల మీదున్నాం."

ఆర్డిత్ చేతిలో కాయ విరగడం మానేసింది. "తొమ్మిది గజాల మీద వదిలేసి వచ్చావా?"

"వచ్చాను."

"ఎవరు చెబుతున్నారు?"

"హోబర్ట్."

"ఓరి దేవుడా!" అంది. నవ్వు వచ్చింది గానీ రానివ్వలేదు.

వెర్లిన్ మెట్టు మీద కూర్చున్నాడు. "నువ్వడిగినదానికి జవాబు నాకు తెలుసు ఆర్డీ. నీకు నచ్చదు."

"పదేళ్లుగా తెలుసు నాకు. తెలియక అడిగాననుకున్నావా?"

"మరెందుకడిగావు, ఊరంతా వింటుంటే?"

"ఒక్కసారైనా నా మాట నీకు లోపలిదాకా వెళుతుందా, లేదా అని. నీకు మాట తగిలితే నోరు ఆగిపోవాలి కదా. ఇవాళ ఆగింది. నా చెవులతో విన్నాను."

"తర్వాత హాఫ్‌టైమ్ అని వాగాను."

"అదీ విన్నాను. దానికి వేరే లెక్క ఉంది, రాత్రి చూసుకుందాం." ఆర్డిత్ దోసెడు బీన్స్ అతని ఒళ్లో పోసింది. "ఈసారి పెళ్లిరోజుకి కమిటీ మన బల్ల దగ్గరికి రాకూడదు. వస్తే బస్సెక్కించి దింపేస్తా, ఇద్దర్నీ."

"రాదు," అన్నాడు వెర్లిన్. అతను ఇంత చిన్న వాక్యంలో మాటివ్వగా ఎవరూ వినలేదు.

"సరే అయితే," అని ఆర్డిత్ తనే చెయ్యి చాచి రేడియో పెట్టింది. "నాక్కూడా తెలుసుకోవాలనే ఉంది మరి. నేను మాత్రం ఏ ఊరి పిల్లననుకున్నావ్?"

హోబర్ట్ గొంతు వచ్చింది. ఊపిరి ఎక్కువ, మాట తక్కువ.

"...వేశానండి. రెండు పాచికలు బల్లమీదున్నాయి. ఒకటి... ఒకటి కింద పడిందండి. మెల్బా వెతుకుతోంది. కొంచెం జరుగు మెల్బా. దొరికింది! ఆరు! మూడూ కలిపితే గీత దాటినట్టేనండి! కానీ... కింద పడ్డది చెల్లుతుందా? వెర్లిన్, వింటున్నావా? ఎవరైనా చెప్పండి!"

వెర్లిన్ ఛాతీ ఉబ్బింది. నోరు తెరుచుకుంది. మెడనరాలు కూడా సిద్ధమయ్యాయి. ఆర్డిత్ అతని వైపు చూడకుండానే లేచి వంటింట్లోకి వెళ్లింది. ఫోన్ మీటలు నొక్కిన చప్పుడైంది. కాసేపటికి ఆమె గొంతు వంటింట్లోంచి ఒకసారీ, రేడియోలోంచి ఒకసారీ వినిపించింది.

"హోబర్ట్, నేను ఆర్డిత్‌ని. చెల్లదు. మళ్లీ వెయ్యి."

"అయ్యో, గెలిచాంగదా మేడమ్!"

"ఎవరో జాలిపడి ఇచ్చిన గెలుపు మన కాలేజీకి అక్కర్లేదు. బల్లమీద వేసి, బల్లమీదే గెలువు."

వీధి మొత్తం కిటికీల్లో ఒక్క పెద్ద ఊపిరి లోపలికి పోయింది. ఆర్డిత్ వరండాలోకి వచ్చి మొగుడి పక్కనే మెట్టు మీద కూర్చుంది. రేడియోలో పాచికలు హోబర్ట్ పెద్ద అరచేతుల్లో గలగలలాడుతున్నాయి. వెర్లిన్ తలొంచుకుని బీన్స్ విరుస్తున్నాడు, ఒక్కొక్కటే, ఈనె తీసి మరీ.