తగ్గిందనే చెప్పండి

"మిషను కుట్టేవాళ్ల మోకాళ్ల నొప్పి వ్యాయామంతో తగ్గుతుందా? ఇదీ నా ప్రశ్న," అంది మనవరాలు అద్దం ముందు నిలబడి. "తగ్గుతుంది. ఇదీ నాకు దొరికిన జవాబు."

వెనక గదిలో బఠానీలు ఒలుస్తున్న అమ్మమ్మ చేతిలోంచి ఓ గింజ జారి మంచం కిందికి దొర్లింది. వంగి తీయడానికి మోకాలు ఒప్పుకోలేదు. అక్కడే వదిలేసింది.

సోమవారం కాలేజీలో పెద్దవాళ్ల ముందు ఆ పిల్ల ఇలాగే నిలబడి చెప్పాలి. యూనివర్సిటీకి వెళ్లబోయే పిల్లలు తలా ఒక ప్రశ్న సొంతంగా ఎంచుకుని, దాని అంతు వాళ్లే తేల్చుకోవాలట. పుస్తకంలో ఉన్న జవాబు పనికిరాదట. కోరుకున్న చదువులో సీటు ఇవ్వాలా వద్దా అన్నప్పుడు ఈ ప్రాజెక్టునీ చూస్తారట. మాటలు వచ్చిన నాటి నుంచీ "ఎందుకు?" అని అందరి ప్రాణాలూ తోడేసే పిల్ల. కుట్టుగదిలో ఆడవాళ్లు దానికి ఎందుకమ్మ అని పేరే పెట్టేశారు. అలాంటిదాన్ని ప్రశ్న వెతుక్కోమంటే ఇంకేం కావాలి?

అమ్మమ్మ పనిచేసే కుట్టుగది టైర్ల కొట్టు మీద ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. నీలం గుడ్డ పీచు ముక్కుల్లోకి పోతుంది. వీపు ఆనని ఎత్తు పీటల మీద కూర్చుని కాళ్లతో పెడల్ తొక్కీ తొక్కీ అక్కడ మోకాళ్ల నొప్పి లేని మనిషంటూ లేదు. ఎందుకమ్మ వచ్చి వాళ్లని రెండు జట్లు చేసింది. ఒక జట్టు రోజూ కాళ్లు చాచి మడిచే వ్యాయామం చేయాలి. రెండో జట్టు చేయకూడదు. కొన్నాళ్లయ్యాక అందరినీ నొప్పి ఎంతో అడుగుతుంది. సున్నా అంటే లేదని, పది అంటే ఓర్చుకోలేమని.

మొదట్లో సరదాగా చేశారు. తర్వాత బడులు తెరిచే తొందర వచ్చిపడి, నీళ్లు తాగడానికే తీరిక లేకపోయింది. పిల్ల వచ్చి అడిగే రోజు దగ్గరపడేసరికి అమ్మమ్మకి గుబులు పట్టుకుంది. పరీక్షల గురించి ఆమెకి తెలిసింది ఒకటే: పాసవ్వాలి. మిషను మిషనుకీ వెళ్లి చెవిలో వేసింది.

"చేసిన జట్టువాళ్లు తగ్గిందనే చెప్పండి. చేయనివాళ్లు తగ్గలేదనండి. పిల్ల బతుకు."

"చేయకపోయినా చేసినట్టేనా వదినా?" అంది కాజాలు కుట్టే ఆవిడ.

"నీ నోరు కుట్టేస్తా చూడు."

"కుట్టు, కానీ ఓ కాజా వదులు. టీ తాగాలి."

నవ్వుకుంటూనే అందరూ మాట నిలబెట్టుకున్నారు. "తేడా ఇంత స్పష్టంగా రావడం నేనెక్కడా చూడలేదు," అందట ప్రాజెక్టు చూసే మేడమ్. ఆ మాట మోసుకొచ్చిన సాయంత్రం ఎందుకమ్మ కింద కూలబడి అమ్మమ్మ రెండు మోకాళ్లకీ ముద్దులు పెట్టింది. అప్పటి నుంచీ ఆ చోట నొప్పి కాక ఇంకేదో సలుపుతోంది.

ఈ పొద్దున యజమాని కుట్టుగదిలోకి వచ్చాడు. వీపు ఆనే కుర్చీలు కావాలని ఆడవాళ్లు ఎన్నాళ్లుగానో అడిగితే మొన్నే సరేనన్న మనిషి.

"కుర్చీలు వద్దని చెప్పేశాను. ఖర్చు లేని మందు మీ ఎందుకమ్మ కనిపెట్టిందిగా!" అన్నాడు సంబరంగా.

ఆయన మెట్లు దిగిపోయాడు. "మోకాళ్లు ఎలాగూ పోయాయి. ఇప్పుడు కుర్చీలూ పోయాయి," అంది కాజాలావిడ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి గుండీలు కుట్టే ఆవిడ పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "వదినా, నేను చేయకూడని జట్టు కదా. చేసేవాళ్లకేదో మేలు జరిగిపోతుందని కుళ్లుకుని, ఇంట్లో తలుపేసుకుని రోజూ చేశాను. నాకు నిజంగానే తగ్గింది."

"మరి పిల్లకి చెప్పలేదే?"

"తగ్గలేదనమన్నది నువ్వేగా!"

పెడల్ మీద అమ్మమ్మ పాదం ఆగిపోయింది. పిల్ల దేన్ని వెతుక్కుంటూ వచ్చిందో అది ఆ గదిలోనే ఉండింది. తనే దాని నోరు నొక్కేసింది. ఇప్పుడు ఇంట్లో బఠానీల ముందు కూర్చున్నా అమ్మమ్మని అదే తొలుస్తోంది.

"ఏంటమ్మమ్మా, నా గొంతు అక్కడిదాకా వినపడుతోందా?" అంది మనవరాలు అద్దంలోంచే.

"వినపడుతోంది. ఆ జవాబు చెప్పకే తల్లీ."

"ఎందుకు?"

ఇన్నేళ్లలో ఆ మాటకి అమ్మమ్మ భయపడటం ఇదే మొదలు. బఠానీల పళ్లెం పక్కన పెట్టి, జరిగింది పూసగుచ్చినట్టు చెప్పింది. కాజాలావిడ వేళాకోళం తప్ప ఏదీ దాచలేదు. పిల్ల మంచం అంచున కూర్చుండిపోయింది.

"నువ్వూ అబద్ధమే చెప్పావా?"

"మొదట చెప్పింది నేనే."

"తగ్గలేదన్నా అది జవాబే అమ్మమ్మా! దానికీ మార్కులు ఇస్తారు."

"నాకేం తెలుసే? తప్పు జవాబు వస్తే తప్పుతావనుకున్నాను."

"అడగొచ్చుగా! నేను రోజుకి వంద అడుగుతాను, నువ్వు ఒక్కటి అడగొచ్చుగా!" అంది పిల్ల. "నన్ను గెలిపించేశావు. ఆడనివ్వకుండానే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అమ్మమ్మ బఠానీ తొక్కలు పోగుచేస్తూ కూర్చుంది. పిల్ల వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. ఇవతలికి వినపడినవి ఈ పక్క మాటలే. "లేదు మేడమ్... అన్నీ... అవును, ఇప్పుడే తెలిసింది... సరే, నేనే చెప్తాను."

తిరిగొచ్చి, "జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు," అంది.

"సీటు?"

"తెలీదు."

"నేనొచ్చి చెప్తాను ఆ పెద్దవాళ్లకి, తప్పు నాదని."

"వద్దు. మళ్లీ నా బదులు నువ్వు చెప్తావా?"

అమ్మమ్మ తల దించుకుంది.

"యజమానికి మాత్రం నువ్వే చెప్పాలి. కుర్చీల సంగతి. ఆ గుండీల పిన్నిని నాతో ఒకసారి మాట్లాడమను. ఏం చెప్పాలో మాత్రం నేర్పకు."

"నేర్పను."

అమ్మమ్మ మిగిలిన బఠానీలు ఒలిచింది. తర్వాత పిల్ల కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. పెన్ను తీసింది.

"సున్నా నుంచి పది దాకా. ఎంత?"

"బాగానే..." అని ఆగింది అమ్మమ్మ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎవరడిగినా నోటికి వచ్చే మాట అదే. దాన్ని మింగడానికి కాస్త సమయం పట్టింది. "ఎనిమిది. మెట్లెక్కేటప్పుడు తొమ్మిది."

"ఎప్పటి నుంచి?"

"మీ తాతయ్య మంచాన పడ్డప్పటి నుంచి. లేపి కూర్చోబెట్టేదాన్ని కదా."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఎవరడిగారని?"

"నేనడిగాను," అంది పిల్ల. "కుట్టుగదిలో. ఇలాగే ఎదురుగా కూర్చుని."

అమ్మమ్మ పెన్ను వైపు చూసింది. పిల్ల రాస్తోంది.

"ఇది నీ ప్రాజెక్టులోకి వస్తుందా?"

"రాదు."

"మరెందుకు రాసుకోవడం?"

"నాకు తెలియాలి."

వంటింట్లో పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. అమ్మమ్మ బల్ల పట్టుకుని లేచింది. అలవాటుగా పళ్ల బిగువున ఆపబోయిన మూలుగుని ఈసారి ఆపలేదు. "అబ్బా," అంది పైకే. పిల్ల తలెత్తి చూడలేదు. ఇంకా కోపంగానే ఉంది. కానీ పక్కనున్న మరో కుర్చీని కాలితో ముందుకు నెట్టింది, పట్టుకోవడానికి అందేలా.