బాల్కనీ చివరి సీటు టోపీ

బూడిదరంగు టోపీ అంచుని బ్రష్షుతో దులిపి, ఉఫ్ అని ఊది, మళ్ళీ బాల్కనీ రెండో వరుసలో కూర్చోబెట్టాడు టార్చి. పక్కనున్న ఎర్ర టోపీని కాస్త ఎడంగా జరిపాడు. ఆ రెండింటికీ పడదని అతని అనుమానం.

"ఏమే, ఈ ఎర్రటోపీవాడు పొద్దున్నుంచీ నీకేసే చూస్తున్నాడు."

"చూడనీ. వాడికైనా నేను కనిపిస్తున్నా," అంది భార్య వంటగదిలోంచి.

సినిమా హాల్లో టార్చిలైటు వేసి సీట్లు చూపించడం అతని ఉద్యోగం. అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని అతనే వెనక్కి తిరిగి చూస్తాడు. "వెనకవాళ్ళకి అడ్డం, టోపీ తియ్యండి బాబూ" అని బతిమాలడం ఆ ఉద్యోగంలో సగం. తీసినవాళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకుంటారు, కథలో పడి మరిచిపోతారు, దీపాలు వెలగ్గానే లేచి చక్కా పోతారు. ఆ టోపీ సీటు కిందకి దొర్లుతుంది. కొన్నాళ్ళు చూసి చెత్తలో పారేయమంటాడు మేనేజరు. టార్చి పారేయడు, ఇంటికి తెస్తాడు.

ముందుగది గోడ పొడవునా నీలం రంగు వేసిన చెక్క అరలు. పైవి బాల్కనీ, మధ్యవి కుర్చీలు, అట్టడుగున నేల. హాల్లో ఏ సీటు కింద దొరికిన టోపీకి ఇక్కడ ఆ సీటే. రూపం చెడకుండా లోపల నలిపిన కాగితం, పురుగు పట్టకుండా ఓ కలరా ఉండ. హాలు ఈగలు తోలుకుంటున్న రోజుల్లో కూడా ఆ గోడ హౌస్‌ఫుల్లే. అడగడానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

"సాయంత్రం తమ్ముడూ మరదలూ దిగుతున్నారు. వాళ్ళ పెట్టెలెక్కడ పెట్టాలి, నీ నెత్తినా?" అంది భార్య.

"నా నెత్తిన పెడితే నేను టోపీ ఎక్కడ పెట్టుకోనే?" అంటూ చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

మ్యాట్నీ మొదలైన కాసేపటికి మెట్ల దగ్గర ఒకమ్మాయి అతన్ని ఆపింది. నిద్రలేని కళ్ళు, చేతిలో స్కూటరు తాళం.

"టార్చి బాబాయ్ అంటే మీరేనా? మా నాన్న ఇక్కడ టోపీ మరిచిపోయారట. నేను పుట్టిన రోజున. బాల్కనీ మొదటి వరుస, చివరి సీటు. ఆ కథ విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి."

టార్చికి వెంటనే గుర్తొచ్చింది. ఆ చీకట్లో నడుం వంచి వెళ్ళి, "ఆస్పత్రి నుంచి కబురండీ, ఆడపిల్ల" అని ఆ మనిషి చెవిలో చెప్పింది తనే. ఆయన ఇతని చెయ్యి పట్టుకుని ఊపేసి, విలన్ని అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

"ఇప్పుడు ఆయనే ఆస్పత్రిలో ఉన్నారు. పొద్దున్నుంచీ నా టోపీ ఏదీ, నా టోపీ ఏదీ అంటున్నారు. డాక్టరేమో..."

"ఉందమ్మా! చేతిలో పెడతా, పద!"

మేనేజరు అడ్డంగా నిలబడ్డాడు. "ఏవయ్యా టార్చీ, పాత టోపీ కోసం డ్యూటీ వదిలేస్తావా? ఇంటర్వెల్లో పోయిరా."

"అక్కడ మనిషి పోతున్నాడండీ!"

"ఆలస్యంగా వచ్చేవాళ్ళకి సీట్లెవరు చూపిస్తారు, నేనా?"

అమ్మాయిని ఒక్కదాన్నే ఇంటికి పంపవచ్చు. కానీ టోపీని వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి ఆమె. తన చేత్తో తీసి ఇవ్వకపోతే ఇన్నేళ్ళ కాపలాకి అర్థమేముంది? "ఇంటర్వెల్ దాకా ఆగమ్మా," అన్నాడు. ఆమె తాళం తిప్పుకుంటూ ఆగింది. ఆ తర్వాత ఆలస్యంగా వచ్చింది ఇద్దరే. ఇద్దరూ ఫోన్ల వెలుగులో తమ సీట్లు తామే చూసుకున్నారు.

ఇంటర్వెల్లో ఇద్దరూ ఇంటికొచ్చేసరికి గోడ బోసిగా ఉంది.

"చూశావా!" భార్య ముఖం వెలిగిపోతోంది. "పెద్దవాటిలో చిన్నవి దూర్చాను. మూడు టబ్బుల్లో ఇమిడిపోయాయి. అరలు కూడా తడిగుడ్డ పెట్టి తుడిచా."

"గిన్నెలనుకున్నావటే!" టార్చి గొంతు వీధిలోకి వినిపించింది. "బాల్కనీవాళ్ళనీ నేలవాళ్ళనీ కలిపి కుక్కుతావా? మనుషులే అవి, మనుషులు! నీ తమ్ముణ్ణి మడిచి టబ్బులో పెడితే ఊరుకుంటావా?"

"వచ్చినమ్మాయి ముందు అరవకు. ఎలా ఉంటుందో చెప్పు, తీసిస్తా."

"గోధుమరంగు!"

టబ్బులు బోర్లిస్తే సగం గోధుమరంగువే. పక్కవాళ్ళతో కలిపి చూస్తే ప్రతి టోపీనీ ఇట్టే గుర్తుపట్టేవాడు. కుప్ప పోస్తే ఏది ఎవరిదో అంతుపట్టలేదు.

"పోనీ ఓ నాలుగు పట్టుకెళ్తా బాబాయ్, నాన్నే చూసి..."

"ఆ స్థితిలో ఆయన్ని ఏరుకోమంటావా? తప్పుడు టోపీ ఇచ్చి పంపను!"

భార్య కుర్చీ ఎక్కి పై అరను చూసింది. "ఇటు రా. గుడ్డకి పోని మచ్చలు కూడా ఉన్నాయి," అంది.

కిటికీలోంచి పడే ఎండకి నీలం రంగు వెలిసిపోయింది, టోపీలు కూర్చున్న చోట తప్ప. ప్రతి టోపీ తన ఆకారాన్ని ముదురు నీలంగా చెక్క మీద అట్టేపెట్టుకుంది. చివరి సీటులో కోడిగుడ్డు ఆకారం, ఓ పక్క చిన్న ఉబ్బు. అమ్మాయి అందిస్తుంటే భార్య ఒక్కో టోపీని పెట్టి చూసింది. పెద్దది. పొట్టిది. టబ్బు అడుగున పడి అంచు నొక్కుకుపోయినది, పెట్టగానే అమరింది.

"ఇదే!" అన్నాడు టార్చి.

అమ్మాయి దాన్ని రెండు చేతులతో అందుకుంది. అప్పుడే ఆమె ఫోను మోగింది. "ఆఁ," అంది. విన్నది. "ఎప్పుడు?" అంది. "సరే, వస్తున్నా," అంది. టోపీని స్టూలు మీద పెట్టి, తాళం వెతుక్కుంది. తాళం చేతిలోనే ఉంది.

టార్చి టోపీ పట్టుకుని వీధిలోకి ఉరికాడు. "అమ్మా, ఇదీ..."

"ఇప్పుడెందుకు బాబాయ్," అంది, స్కూటరు తిప్పుకుంటూ.

తిరిగొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. మేనేజర్ని తిట్టాడు. వాడి తాతని తిట్టాడు. టబ్బుల్ని కాలితో తన్నాడు. "ఇంటర్వెల్ దాకా ఆగమ్మా అందిట ఓ నోరు! ఎవడి నోరే అది, ఎవడి నోరు?" అని అరిచాడు. భార్య ఓ నల్ల టోపీలో కొత్త కాగితం కుక్కుతూ అడిగింది.

"ఇతన్నెక్కడ కూర్చోబెట్టను?"

"వరస చెడగొట్టిందానివి, నన్నడుగుతావేం?" తన్నిన టబ్బుని నిలబెట్టి, "ఎర్రవాడి పక్కన మాత్రం వద్దు," అన్నాడు.

ఆ రోజు మొదటాటకి అతను వెళ్ళలేదు. బావమరిది పెట్టెలు మంచం కిందకి పోయాయి. పై అర చివర, తన నీలం మచ్చలో సరిగ్గా ఒదిగి, గోధుమరంగు టోపీ కూర్చుంది. ఎన్నిసార్లు ఆవిరి పట్టి నిమిరినా దాని అంచున పడిన నొక్కు లేవలేదు.