పోటు తలుపు

వెల్డింగు మేస్త్రి షట్టరు దించుకుని పని చేయడం ఎవరూ ఎరగరు. ఆయన పనంతా వీధిలోనే. ఒక కడ్డీ అతికిస్తుంటే దారిన పోయేవాళ్లు తలా ఒక సలహా పడేసి మరీ వెళ్లేవారు. అలాంటి మనిషి ఇప్పుడు రేకుల షెడ్డులో ఉడికిపోతూ, సందులోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని తొంగి తొంగి చూసుకుంటున్నాడు.

అంతా పేటెంటు మహిమ. సముద్రం ఏటికేడాది ముందుకు జరుగుతోంది. పోటు వచ్చిందంటే ఉప్పునీళ్లు కాలువ వెంట పొలాల్లోకి ఎక్కేస్తున్నాయి. మేస్త్రి చేసిన తలుపును తూముకు బిగిస్తే, పోటు రాగానే దానంతటదే మూసుకుంటుంది, తగ్గగానే తెరుచుకుంటుంది. తన పొలం తూముకు ఒకటి బిగించి, పైన గోనెపట్టా కప్పేశాడు. పేటెంటు లాయరమ్మ ఒకటే మాట చెప్పింది: "దరఖాస్తు వేసేదాకా ఎవరి కంటా పడనివ్వకండి. పడితే ఇక అది మీది కాదు."

"మా అన్నయ్యక్కూడా చూపించరా?" అంది భార్య. అన్నయ్య పొలం పక్కనే, ఇంకా పల్లంలో ఉంది.

"మీ అన్నయ్యకే అసలు చూపించకూడదు. తనే కనిపెట్టానని చాటింపు వేస్తాడు."

"నిజమే. పెళ్లికి ముందు మిమ్మల్ని కూడా తనే కనిపెట్టానన్నాడు. దానికి మాత్రం ఎవరూ పోటీకి రాలేదు లెండి."

దరఖాస్తు ఇంకా వేయనే లేదు, తుపాను కబురు వచ్చింది. సాయంత్రానికి పెద్ద పోటట. బావగారు నాట్లు వేసిన పొలం గట్టున ఒక్కడే ఇసుక బస్తాలు మోస్తున్నాడు. అది చూసి భార్య ఒక్క వేళాకోళమూ ఆడలేదు. మేస్త్రికి అప్పుడే భయం పుట్టింది.

షట్టరు దడాలున లేచింది. "పాత డ్రములు, కమ్మీలు, రేకులు ఏవుంటే అవి పట్టుకురండర్రా!" అని వీధంతా వినబడేలా కేకేశాడు. జనం ముసిరారు. ఎక్కడ కోయాలో, ఎక్కడ అతికించాలో అందరికీ విప్పి చూపించాడు. "బరువు కాస్త కిందికి దించు బావా" అన్నాడు బావగారు. కడుపు మండినా దించాడు. నిజంగానే తలుపు ఇంకా గట్టిగా పడింది.

పోటు వచ్చేలోగా ప్రతి తూముకూ ఒక తలుపు బిగించారు. ఆ పోటుకు ఏ పొలమూ ఉప్పెక్కలేదు. లాయరమ్మ మాత్రం ఫోన్లో నిట్టూర్చింది. "ఇక మీకు పేటెంటు రాదండీ. ఇంతమంది చూశారు కాబట్టి ఇంకెవరికీ కూడా రాదు. ఎవరైనా చేసుకోవచ్చు."

మేస్త్రికి ఏడుపు ఒక్కటే తక్కువ. కాగితాల మీద తన పేరు ఎక్కుతుందని ఎంత ఆశపడ్డాడో భార్యకే తెలుసు.

కొన్నాళ్లకు ఇద్దరూ ఇనుప సామాన్ల కొట్టుకెళ్తే, ఎక్కడో కాలువ చివరి నుంచి వచ్చిన రైతు ఒకాయన తలుపు కీళ్లు కొంటూ, మేస్త్రి చేయి పట్టుకుని మరీ పాఠం మొదలెట్టాడు. "పోటు తలుపని కొత్తగా వచ్చిందయ్యా. మా పొలం బతికిందంటే దాని చలవే. నీకు తెలీదులే, చూసి నేర్చుకో. బరువు కిందికుండాలి, తెలిసిందా?"

భార్య నోరు తెరవబోయింది.

"ఉండవే," అన్నాడు మేస్త్రి, "చెప్పనీ." తర్వాత రైతు వైపు తిరిగాడు. "కిందికంటే ఎంత కిందికండీ?"