వారం వెనక వచ్చే గొంతు

పొద్దున్నే పరుపుల కొట్టు షట్టరు పైకి లేచే చప్పుడుకి టీచరమ్మకి మెలకువ వచ్చేది. కింద ఆ కొట్టు, మధ్య అంతస్తులో ఇంగ్లీషు నేర్పే సంస్థ, పైన సంస్థ వాళ్లిచ్చిన ఇరుకు గది. పళ్లు తోముకుని, టీ పెట్టుకుని, అది తాగుతూనే ఆ రోజు పాఠం ఒకసారి తిరగేసుకుని, ఒక వరస మెట్లు దిగితే ఉద్యోగంలో ఉన్నట్టే. స్పానిష్ తప్ప ఇంకో ముక్కతో పని లేని ఊరది. అయినా ఎనిమిదింటికల్లా బెంచీలు నిండేవి. ఒక ప్లంబరు, ఇద్దరు వ్యాను డ్రైవర్లు, పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే అమ్మాయి, ఇంకో పదిమంది. అందరికీ ఎక్కడికో వెళ్లిపోవాలని ఉంది. ఇంగ్లీషు అందుకే.

టీచరమ్మ వాళ్ల ముందు నిలబడి పెదాలు కదిపేది. ఆ మాటలు సరిగ్గా వారం తర్వాత వినిపించేవి.

అందులో వింతేమీ లేదు. దూరం నుంచి వచ్చినవాళ్లకి గొంతు వెనకబడుతుందనీ, ఏడాది తిరిగేసరికి దానంతటదే వచ్చి కలుస్తుందనీ సంస్థ నడిపే పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. అంతకుముందు పనిచేసినాయనది పక్క దేశం, అందుకని ఆయనకి రెండు రోజులే. ఈ సోమవారం ఆవిడ చెప్పిన పాఠం వచ్చే సోమవారం అదే గంటకి, ఆవిడ నిలబడ్డ చోటునుంచే వినిపిస్తుంది. దానికి తగ్గట్టు ఆవిడ పక్కకి జరిగి బోర్డు మీద రాస్తుంది. పోయిన వారం దగ్గు పాఠం మధ్యలో వచ్చి పడితే, ప్లంబరు లేచి ఇప్పుడు మంచినీళ్లు తెచ్చిచ్చేవాడు. ఆవిడ మొహమాటానికి రెండు గుక్కలు తాగేది.

నలభై ఆరేళ్ల వయసులో ఇంత దూరం రావాలని ఆవిడకేం సరదా లేదు. పద్దెనిమిదేళ్లు పనిచేసిన స్కూలు మూతపడింది. ఈ వయసులో కొత్తగా ఎవరు రమ్మంటారు? రమ్మన్నది ఈ సంస్థ ఒక్కటే. పెళ్లీ పిల్లలూ లేరు కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఉన్నదల్లా ఒక చెల్లెలు. ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. చెల్లెలి మాట అప్పటికప్పుడే వినిపించేది. ఈవిడ మాట మాత్రం వారం తర్వాత, ఆ ఇంట్లో చెల్లెలు ఫోను చెవికి ఆనించుకున్న చోటునుంచే వచ్చేది.

"అక్కా, పోయిన వారం తిన్నావా అని అడిగావట, ఇందాకే వినిపించింది. ఇవాళైతే తిన్నాను. పోయిన వారం సంగతి నాకు గుర్తు లేదు" అని నవ్వేది చెల్లెలు.

చలికాలం మొదలయ్యాక ఆ నవ్వు తగ్గింది. చెల్లెలికి కాలేయం పాడైంది. మంచం పట్టింది, చూపు కూడా ఆనటం లేదు. మెసేజీలు పంపితే మరిది చదివి వినిపిస్తున్నాడు. ఒక గురువారం ఆయనే ఫోన్ చేశాడు. రెండు వారాలు కష్టమంటున్నారు వదినా, నీ గొంతు వినాలని అడుగుతోంది, అన్నాడు.

టీచరమ్మ ఆ మధ్యాహ్నమే విదేశీయుల ఆఫీసుకి పరిగెత్తింది. ఆవిడ పాస్‌పోర్టు నివాసపు కార్డు కోసం వాళ్ల దగ్గరే ఉంది. అద్దం వెనక కూర్చున్న గుమాస్తా తెరలో ఏదో చూసి, మూడు వేళ్లు చూపించాడు. మూడు వారాలు. కాగితం మీద రాసి ఎంత బతిమాలినా మళ్లీ ఆ మూడు వేళ్లే.

పోలేకపోతే పోనీ, మాట పంపచ్చు. అప్పుడే పంపితే అందేది కూడా. కానీ పంపాల్సిన మాట మామూలు మాట కాదు.

ఇంట్లో ఇంగ్లీషు ముందు వచ్చింది చెల్లెలికి. రేడియో పాఠాలు విని, గిన్నెలు తోముతూ గడగడా మాట్లాడేది. అక్క ఆ నోటినుంచే నేర్చుకుంది. ఇద్దరూ టీచరు ట్రైనింగు పరీక్ష రాశారు. సీటు చెల్లెలికొచ్చింది. కాగితం మాత్రం పోస్టుమ్యాను అక్క చేతిలో పెట్టాడు. చేరాల్సిన గడువు దాటేదాకా అక్క దాన్ని దిండు గలీబులో దాచి, ఆ తర్వాత నీళ్ల పొయ్యిలో వేసేసింది. మరుసటి ఏడు తనకి సీటొచ్చింది. నాకంత రాత లేదులే అనుకుని చెల్లెలు పెళ్లి చేసుకుంది.

ఇది మరిది చేత చదివించే సంగతి కాదు. గురువారం నోరు రాలేదు. శుక్రవారం ఫోను తీసి మళ్లీ పెట్టేసింది. శనివారం గదిలో పచార్లు చేసింది. ఆదివారం మధ్యాహ్నం సంస్థ తలుపులు మూసి ఉంటే మెట్ల మలుపులో నిలబడి ఫోన్ చేసింది. మరిది ఫోను చెల్లెలి చెవి దగ్గర పెట్టాడు. చెల్లెలి ఊపిరి వింటూ, ఈవిడ దాచుకున్నదంతా చెప్పేసింది. చెప్పి లెక్క వేసుకుంది. వచ్చే ఆదివారానికి అందుతుంది. మరిది ఫోన్ చేసిన గురువారంతో కలిపి పదకొండో రోజు. రెండు వారాలన్నారు కదా.

చెల్లెలు తొమ్మిదో రోజు, శుక్రవారం పోయింది.

ఆ రోజు క్లాసులో ఆవిడ పెదాలు కదపలేదు. పోయిన శుక్రవారం గొంతు మాత్రం ఏమీ తెలియనట్టు క్రియాపదాలు చెప్పుకుంటూ పోయింది. చీటీలు రాసే అమ్మాయి లేచి, సుద్దముక్క ఆవిడ చేతిలోంచి తీసుకుని, తనే బోర్డు మీద రాసింది.

ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ మెట్ల మలుపులో కూర్చుంది. బోర్డుకి రంగు వేస్తామని మాటిచ్చిన ప్లంబరూ ఆ అమ్మాయీ డబ్బా పట్టుకుని అప్పుడే మెట్లెక్కుతున్నారు. గోడ పక్కనుంచి ఆవిడ గొంతు మొదలైంది. వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆగిపోయి, డబ్బా చప్పుడు కాకుండా కింద పెట్టారు.

"నీ సీటు కాగితం వచ్చిందే. దాచింది నేనే. నీకున్నదంతా నేను తిన్నాను. నీ కూతురి చదువు మాత్రం మాననివ్వకు, అది నేను చూసుకుంటా. నన్ను తిట్టు చెల్లీ. ఒక్కసారి తిట్టి ఫోన్ పెట్టేయ్."

ఇదే మాట ఇదే నిమిషంలో ఆ ఇంట్లో కూడా వినిపిస్తోందని ఆవిడకి తెలుసు. వినాల్సిన మనిషి లేదనీ తెలుసు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది.

మర్నాడు పొద్దున షట్టరు లేవకముందే ఫోను మోగింది. చెల్లెలి కూతురు. పదిహేడేళ్ల పిల్ల. మంచం తీసేసిన గదిలోంచే మాట్లాడుతున్నానని చెప్పింది.

జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చింది. నిన్న వాళ్ల పెదనాన్న వచ్చి, ఇల్లు ఖాళీ చేసి తన ఊరు వచ్చేయమన్నాడట. పిల్లకి చదువెందుకు, నా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది అన్నాడట. నాన్న సరేనని బట్టలు సంచీలో సర్దుతున్నాడట. అప్పుడు గోడవారగా, దిండు ఉండే ఎత్తులో, పెద్దమ్మ గొంతు వచ్చిందట. ఉన్నవాళ్లందరూ విన్నారట.

"నాన్న కింద కూలబడిపోయాడు పెద్దమ్మా. నాకు సీటొచ్చే ఉంటుంది అని అమ్మ ఎన్నోసార్లు అనేదట. వస్తే కాగితం రాదా అని నాన్నే నోరు మూయించేవాడట. లేచి, సంచీలోంచి నా బట్టలు తీసి బీరువాలో పెట్టేశాడు. పిల్ల ఇక్కడే చదువుకుంటుందన్నయ్యా అన్నాడు."

టీచరమ్మ నోరు తెరిచేలోపే పిల్ల మళ్లీ అందుకుంది.

"అమ్మ వినుంటే నీతో మాట్లాడేదో లేదో నాకు తెలీదు. నేను మాట్లాడతానో లేదో కూడా తెలీదు. ఇవాళ్టికి చేశాను. ఒక్క సంగతి. వచ్చే సోమవారం ఈ టైముకి నేను ఈ గదిలోనే చదువుకుంటూ ఉంటా. మర్నాడు ప్రవేశ పరీక్ష. నువ్విప్పుడు ఏడిస్తే అప్పుడు వినిపిస్తుంది. అందుకని ఏడవకు."

టీచరమ్మ తువ్వాలు తీసి నోట్లో కుక్కుకుంది. అవతల పిల్ల ఫోను పెట్టేయలేదు. కింద షట్టరు లేచింది. క్లాసుకి టైమైంది. ఆవిడ తువ్వాలు తీసేసి, ఊపిరి సరిచేసుకుని, వచ్చే సోమవారం ఆ గదిలో కూర్చుని ఉండబోయే పిల్లతో, నెమ్మదిగా, మాట మాటా విడదీసి చెప్పింది.

"రేపు పరీక్షకి రెండు పెన్నులు పట్టుకెళ్లమ్మా. ప్రశ్న రెండుసార్లు చదువు. చదివాకే రాయి."